పొద్దులో చల్లటి చోటు

నలుగురు కూర్చుని దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళి టీ పెట్టుకునే రకం నేను. ఫలానా మలుపు దగ్గర తెల్లచీర కనబడిందని ఎవరైనా అంటే, ఆ టైములో నువ్వేం తాగి ఉన్నావు అని అడిగి తిట్లు తిన్నవాణ్ని. ఇప్పటికీ నా బుద్ధి అదే. కాబట్టి ఇది దయ్యం సంగతి కాదు. ఏం సంగతో చెప్పమంటే మాత్రం చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను నిజామాబాద్ శివారులో ఒక చిన్న సూర్య పరిశీలన కేంద్రంలో పనిచేస్తాను. పేరు రాయను, దాన్ని ఇందులోకి లాగడం బాగుండదు. పొద్దున మంచు, పొగ విడిపోయాక టెలిస్కోపును సూర్యుడి వైపు తిప్పుతాం. కన్ను పెట్టి చూడం. వెనకాల ఒక తెల్ల అట్ట ఉంటుంది, దాని మీద సూర్యబింబం చిన్న పళ్ళెమంత పడుతుంది. అందులో నల్లమచ్చలు ఎక్కడున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెడతాం. తర్వాత ఉపగ్రహాల చిత్రాలతో పోల్చి, రేపు సూర్యుడు ఎలా ఉంటాడో ఒక సూచన రాస్తాం. శాంతం, అస్థిరం, తుఫాను. ఈ మూడింటిలో ఒకటి.

దీనితో ఎవరికి పని అని మా బంధువులందరూ అడిగారు. సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగితే ఇక్కడ జీపీఎస్ తికమకపడుతుంది. వర్ని వైపు క్యాంపుల్లో ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు కొందరు వరికి డ్రోన్లతో మందు కొట్టిస్తున్నారు. అందులో ఒకాయన నాకు దాదాపు రోజూ ఫోన్ చేస్తాడు. "ఏవండీ మాస్టారూ, ఇయ్యాళ మీ సూర్యనారాయణమూర్తి మూడ్ ఎలా ఉందండీ? డ్రోను లేపమంటారా?" అంటాడు. నేను మాస్టారిని కాదని చెప్పి చెప్పి మానేశాను.

ఇక మా అక్క. నాకంటే పెద్దది, పేరు సుజాత. బోధన్‌లో ఉంటుంది. పెళ్ళి జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తుంది. పూస తర్వాత పూస, జరీ దారం, సన్నని సూది. చిన్నప్పుడు చెరుకు తోటలో పరుగెత్తుతుంటే ఆకు కోసుకుని ఆమె కుడికన్ను పోయింది. ఎడమకన్ను ఒక్కటితోనే చదువుకుంది, అదే కంటితో ఇంత పని నేర్చింది. "రెండు కండ్లున్నోళ్ళకే సూదిల దారం ఎక్కదు, నాకు ఒక్కదానితోనే ఎక్కుతది" అని గొప్పలు పోయేది. ఆ గొప్ప ఆమెకు తగిందే.

రెండేళ్ళ కిందట, చలికాలం మొదట్లో, ఆ ఒక్క కన్నులోనూ రెటీనా ఊడింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. కంట్లో ఏదో వాయువు నింపారు, ఆ బుడగ రెటీనాను గోడకు అదిమి పట్టుకుంటుందట. అది మెల్లగా కరిగిపోవాలి. కరిగాక చూపు ఎంత వస్తుందో, అసలు వస్తుందో రాదో అప్పుడే తెలుస్తుందన్నాడు డాక్టర్. అప్పటిదాకా ఆమెకు వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలియదు. ప్రతి పరీక్షకూ బోధన్ నుంచి వెళ్ళడం కష్టమని నిజామాబాద్‌లో మా ఇంట్లోనే ఉంచుకున్నాం. బావ పొలం చూసుకుంటూ వారానికోసారి వచ్చి పోయేవాడు.

మొదటి రోజులు తల కిందికి వంచి బోర్లా పడుకోవాలి. నోరున్న మనిషి, అలా పడుకుని పరుపుతో మాట్లాడేది. ఆ రోజులు దాటాక డాబా మీద కూర్చోబెట్టవచ్చన్నారు. కంటి మీద ప్లాస్టిక్ మూత, దాని మీద రెండు మడతల పచ్చగుడ్డ కట్టి, నా భార్య లావణ్య ఆమెను పొద్దున ఎండలో కుర్చీ వేసి కూర్చోబెట్టేది.

అలా కూర్చోబెట్టిన రెండో మూడో రోజు, నేను డ్యూటీకి బయల్దేరుతుంటే అక్క పిలిచింది.

"తమ్మీ, మొఖమంతా ఎండ కొడుతున్నది గని, గదువ కింద ఒక్క కాడ సల్లగున్నదిరా. ఎందుకట్ల?"

గదువ అంటే మాలో గడ్డం. గడ్డం కింద ఎడమవైపు వేలు పెట్టి చూపించింది. చెమటో, నూనెనో అనుకుని లావణ్య తుడిచింది. శాలువా జరిపింది. కుర్చీ మార్చింది. అక్కడే ఉందంది అక్క. ఎండలోంచి జరిగి నీడలోకి వస్తే లేదంది.

నేను సరదాకి అన్నాను, "పొద్దుల మచ్చ పడ్డట్టుంది అక్కా, అదే నీకు తగుల్తున్నది."

"మచ్చ అయితే కాలాలె గద, సల్లగెందుకుంటది?"

అప్పుడు చెప్పాను ఆమెకు. సూర్యుడి మచ్చలంటే మండేవి కావు, చుట్టూ ఉన్న చోటు కంటే చల్లటివి. అందుకే నల్లగా కనిపిస్తాయి. అక్క ఆశ్చర్యపోయింది. తర్వాత నవ్వి, "అంటే పొద్దును గూడ ఎవరో సల్లగుండు బిడ్డా అని దీవించిన్రన్నట్టు" అంది. మా వైపు పెద్దవాళ్ళ దీవెన అదే కదా. నాకూ నవ్వొచ్చింది.

కేంద్రానికి వెళ్ళి చూస్తే ఆ రోజు నిజంగానే ఒక కొత్త మచ్చ లోపలికి వచ్చి ఉంది. అయితే అది ఎడమ అంచున ఉంది, కింద కాదు. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి మచ్చలు తూర్పు అంచున కనబడి, సుమారు రెండు వారాల్లో పడమటి అంచు దాటిపోతాయి. మా కాగితం మీద ఉత్తరం పైన, తూర్పు ఎడమన. మచ్చలన్నీ ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. సాయంత్రం ఇంటికొచ్చి, నీ లెక్క తప్పిందక్కా, గదువ కాదు, ఎడమ చెంప కావాలి అన్నాను. "చెంప మీద ఏం లేదు పో" అంది ఆమె.

అక్క ఊరుకునే మనిషైతే అక్కడితో అయిపోయేది. ఆమెకు రోజంతా వేరే పని లేదు. ఎవరూ అడగకుండానే చెప్పేది. ఆ చల్లటి చోటు గడ్డం మీదికి వచ్చిందంది. తర్వాత పెదవి చివరకు ఎక్కిందంది. మెల్లగా పైకి పోతోంది. ఇంతవరకు నేను తలూపి వినేవాణ్ని. ఒకరోజు సాయంత్రపు ఎండలో కూర్చోబెడితే కొత్త మాట చెప్పింది.

"పొద్దుగాల ఎడమ దిక్కు కింద ఉండె గద, గిప్పుడు కుడి దిక్కు నొసటి మీదికొచ్చింది."

దాంతో నేను తేల్చేసుకున్నాను. ఇది నరాల తంటా. పొద్దున గడ్డం, సాయంత్రం నుదురు, ఇలా తోచినచోటికల్లా దూకుతుంటే అది సూర్యుడిది ఎలా అవుతుంది? పాపం, చూపు గురించిన భయం ఇలా బయటపడుతోంది అనుకున్నాను. లావణ్యతో అన్నాను కూడా.

తర్వాత ఒకరోజు పొద్దుటి పూట మంచు వీడలేదు. పరిశీలన సాయంత్రానికి వాయిదా పడింది. పడమటికి వాలిన సూర్యుడి బింబం అట్ట మీద పడింది. దిక్కులు గుర్తించడానికి మాకొక పద్ధతి ఉంది. టెలిస్కోపును కదపకుండా వదిలేస్తే బింబం తనంతట తాను జరిగిపోతుంది. ఎటు జరుగుతుందో అటు పడమర. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని. ఆ సాయంత్రం బింబం జరగడం చూస్తూ చూస్తూ, నా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

ఆకాశంలో సూర్యుడు ఎటు కదులుతాడో అది అతని పడమటి అంచు. పొద్దున తూర్పుకు తిరిగి కూర్చుంటే సూర్యుడు పైకి ఎక్కుతుంటాడు. అంటే పడమటి అంచు పైన, తూర్పు అంచు కింద. ఉత్తరం ఎడమచేతి వైపు. సాయంత్రం పడమటికి తిరిగి కూర్చుంటే అంతా తలకిందులు. తూర్పు అంచు పైన, ఉత్తరం కుడివైపు. ఆ మచ్చ అప్పటికి ఇంకా తూర్పు సగంలోనే ఉంది, ఉత్తర భాగంలో. పొద్దున ఎడమవైపు కిందుగా, సాయంత్రం కుడివైపు మీదుగా ఉండాలి. అక్క చెప్పింది అక్షరాలా అదే.

తప్పింది ఆమె లెక్క కాదు, నాది. రోజూ కాగితం ముందేసుకుని కూర్చునేవాళ్ళకే ఈ పొరపాటు వస్తుంది. కాగితం మీద తూర్పు ఎప్పుడూ ఎడమనే ఉంటుంది కనుక ఆకాశంలోనూ అలాగే ఉంటుందనుకుంటాం. చూపున్నప్పుడు అక్క నా ఫోన్లో చూసిన బొమ్మలన్నీ ఆ కాగితం బొమ్మలే. వాటిని మనసులో పెట్టుకుని ఊహించి ఉంటే చెంప అని ఉండేది. నాకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి. భయం కాదు. ఆకలేసినట్టు, తెలుసుకోవాలని ఒకటే ఆత్రం.

ఇక నేను వదల్లేదు. ఆమెకు చెప్పకుండా కుర్చీ పక్కకు తిప్పాను. మధ్యలో దుప్పటి అడ్డం పెట్టించాను. మబ్బు పట్టిన రోజు అడిగాను. మబ్బులో ఏమీ లేదనేది. దుప్పటి అడ్డముంటే లేదనేది. కుర్చీ తిప్పినా, ముఖం సూర్యుడి వైపు తిప్పుకోగానే సరిగ్గా చెప్పేది. దాచకుండా రాస్తున్నాను, కొన్నిసార్లు తప్పింది కూడా. ఒకరోజు ముక్కు పక్కన అంది, అక్కడ ఏమీ లేదు. చిన్న మచ్చలు చాలావరకు ఆమెకు అందేవి కావు. "నన్ను గినీపందిని చేస్తున్నవ్ గదరా, నీ కడుపు సల్లగుండ" అని తిట్టేది. తిడుతూనే కూర్చునేది, ఆమెకూ సరదాగానే ఉండేది.

మా సార్‌కు చెప్పాను. ఈ కేంద్రాన్ని మొదటి నుంచి నడుపుతున్నది ఆయనే. ఆయన ఎగతాళి చేయలేదు. నన్ను ఎండలో నిలబెట్టి అరచెయ్యి చాపమన్నాడు. "సూర్యుడి పై అంచు వెలుగు నీ చేతిల ఏడ పడ్డది, కింది అంచుది ఏడ పడ్డది? చెప్పు." చెప్పలేను. సూర్యుడిలో ప్రతి చుక్క వెలుగూ చెయ్యి మొత్తం మీద పడుతుంది. విడదీయాలంటే కటకం కావాలి, లేదా సూదిబెజ్జం కావాలి. మనిషి ముఖం కటకం కాదు. గడ్డానికి కింది అంచు, నుదుటికి పై అంచు అంటూ వేరే ఎండ ఉండదు. పైగా ఆ మచ్చ వల్ల తగ్గే వేడి చర్మానికి తెలిసేది కాదు. "నువ్వు చెప్పేదాంట్ల అబద్ధం లేదనుకుంట. గని అయ్యే పని కాదు" అన్నాడు.

అసలు విచిత్రం ఆ తర్వాత జరిగింది.

ఆ వారం సూర్యుడు దాదాపు తుడిచినట్టున్నాడు. పాత మచ్చ పడమటి అంచుకు చేరిపోతోంది. అక్క పొద్దున ఎండలో కూర్చుని, ముఖం మీద ఏమీ లేదంది. కాసేపాగి మెడ తడుముకుంది.

"మొఖం మీద కాదు తమ్మీ. గొంతు కాడున్నది. ఇంకా పైకి రాలే. జర పెద్దదే."

గొంతు అంటే గడ్డం కంటే కింద. తూర్పు అంచుకు అవతల. సూర్యుడి వెనక వైపు. అక్కడి నుంచి మనకు వెలుగే రాదు, చల్లదనం మాట దేవుడెరుగు. వెనక వైపు ఏముందో లెక్కలతో అంచనా కట్టే పటాలు కొన్ని ఉంటాయి. తెరిచి చూశాను. ఆ చోట ఏమీ చూపించలేదు. ఆ రోజు సూచన రాసే పని నాదే. మా అక్క గొంతు దగ్గర చల్లగా ఉందని సూచనలో రాయలేను కదా. శాంతం అని రాశాను. మర్నాడు కూడా అదే రాశాను.

ఆ మర్నాడు తూర్పు అంచు మీద పెద్ద మచ్చల గుంపు తేలింది. వస్తూనే ఒక పేలుడు. క్యాంపు రైతు ఫోన్ చేశాడు. "ఏవండీ, శాంతం అన్నారు కదా మీరు! డ్రోను దారి తప్పి పక్కోడి మడి మీద గిరగిరా తిరుగుతోందండీ!" నష్టమేమీ కాలేదు, దించేశారు. అది సూర్యుడి వల్లే అయిందో, డ్రోన్ తెగులో తేల్చి చెప్పలేను. నేను సారీ చెప్పాను. అక్కతో ఈ సంగతి చెబితే కడుపుబ్బ నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె అలా నవ్వడం.

ఆ నవ్వు రెండు రోజులు కూడా లేదు. ఒక మధ్యాహ్నం కన్ను నొప్పని లేవలేకపోయింది. వాంతులు. హైదరాబాద్ తీసుకెళితే కంట్లో ఒత్తిడి బాగా పెరిగిందన్నారు. నా సరదా కోసం ఆమెను పొద్దునా సాయంత్రం ఎండలో కూర్చోబెట్టాను కదా. డాక్టర్‌ను అదే అడిగాను. ఎండకు దీనికి సంబంధం లేదు, కన్ను మూసే ఉంది, ఈ ఆపరేషన్ తర్వాత ఇలా కొందరికి అవుతుంది అన్నాడు. ఒత్తిడి తగ్గించే మందులు పెంచాడు. చూపు సంగతి అడిగితే, ఇప్పుడేం చెప్పలేనన్నాడు.

మర్నాడు పొద్దున్నే అక్కను కారులో కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని తిరిగి బయల్దేరాం. డిచ్‌పల్లి దగ్గర అనుకుంటాను, కిటికీలోంచి ముఖం మీద ఎండ పడింది.

"పెదవి కాడికి వచ్చిందిరా ఆ పెద్దది" అంది. తర్వాత, "కన్ను పోతె పోయింది తమ్మీ. గిదొక్కటన్న ఉంటది గద నాకు."

లావణ్య ముఖం తిప్పుకుంది. నాకు ఏడుపు వచ్చింది, ఆమెకు వినపడకుండా ఏడ్చాను. పూసలు గుచ్చే మనిషి ఇలా దొరికినదానితో సరిపెట్టుకోవడం నేను భరించలేకపోయాను. ఆ రోజు నుంచి ఆమెను ఏమీ అడగలేదు. చెబితే విన్నాను, అంతే.

మందులు పనిచేశాయి. ఒత్తిడి దిగింది. బుడగ కరుగుతుంటే ముందుగా పైభాగంలో చూపు తేటపడుతుందన్నారు, అలాగే అయింది. ఒక పొద్దున అక్క కేకేసింది. పైన సన్నగా ఒక పట్టీలాగా ఏదో కనబడుతోంది, ఫ్యాన్ రెక్క అనుకుంటాను అంది. అది ఫ్యాన్ రెక్కే. ఆ పట్టీ రోజు రోజుకూ కిందికి దిగింది. లావణ్య చీర రంగు తెలిసింది. తర్వాత నా ముఖం తెలిసింది. "బక్కగైనవ్ కదరా" అంది.

చూపు తేటపడుతున్న కొద్దీ ఎండలో ఆ చల్లదనం పలచబడింది. ఇది నా ఊహ కాదు, ఆమే చెప్పింది. మొదట మసకగా ఉందంది. తర్వాత ఉన్నదో లేదో తెలుస్తలేదంది. చివరికి ఆ మాట ఎత్తడమే మానేసింది, నేను గుర్తు చేయలేదు.

చివరి పరీక్షలో డాక్టర్ అక్షరాల చార్టు చదివించాడు. ఆఖరి వరుసలు రాలేదు కానీ, అద్దాలతో పని చేసుకోవచ్చన్నాడు. బోధన్ వెళ్ళిపోయే ముందు రోజు, నీ పొద్దును నేను గూడ సూస్త అంటే, ఆమెను మా కేంద్రానికి తీసుకెళ్ళాను. తెల్ల అట్ట మీద సూర్యబింబం. ఇన్ని వారాలు ముఖంతో చూసిందాన్ని మొదటిసారి కంటితో చూసింది. వంగి, దగ్గరగా, ఆ ఒక్క కన్ను పెట్టి. పెద్ద మచ్చను వెంటనే పట్టుకుంది. పక్కనున్న చిన్నవి కనబడలేదంది. సార్ పక్కనే ఉండి, "నాక్కూడ అద్దాలు లేకుంటె కనబడయమ్మా" అన్నాడు.

నేను ఉండబట్టలేకపోయాను. ఒక్కసారి, చివరిసారి, బయట కూర్చుని కన్ను మూసుకొని చూడక్కా అన్నాను. ఆమె విసుక్కోలేదు. ముంగిట్లో కుర్చీ వేస్తే కొంగు కళ్ళకు కట్టుకుని సూర్యుడి వైపు తిరిగి కూర్చుంది. చాలాసేపు కదలలేదు. సార్ కూడా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఏం లేదు తమ్మీ. అంతటా ఒక్కతీరుగనే ఉన్నది ఎండ."

నా ముఖంలో ఏం కనబడిందో, కొంగు విప్పి నన్నే చూసింది. ఇప్పుడు ఆమె చూడగలదు కదా.

"నిజం చెప్పు. నీకు నా కన్ను గావాల్నా, ఆ సల్లదనం గావాల్నా?"

"నీ కన్నే అక్కా" అన్నాను. ఆలోచించకుండా అన్నాను. అందుకు ఈ రోజుకీ సంతోషంగా ఉంది.

"అట్లయితె మొఖం అట్ల పెట్టకు. ఇగ నేను గూడ నీ లెక్కనే, కండ్లు పెట్టి సూసుకోవాల్సిందే" అని లేచి చీర దులుపుకుంది.

అక్క బోధన్‌లో మళ్ళీ పనిలో పడింది. ఆ సంగతి ఎత్తితే, అవును అట్లనే ఉండె, ఎందుకుండెనో నాకేం తెలుసు అంటుంది. సార్ అప్పుడప్పుడు తెల్లకాగితం తీసి ఏవో గీతలు గీసి, కాదు అని నలిపేస్తాడు. కాకతాళీయం అనుకుందామంటే పొద్దున గడ్డం, సాయంత్రం నుదురు అడ్డం వస్తాయి. నిజం అనుకుందామంటే సార్ చెప్పిన అరచెయ్యి అడ్డం వస్తుంది. ఇవాళ కూడా సూచన నేనే రాశాను. తూర్పు అంచు శుభ్రంగా ఉంది, శాంతం అని పెట్టాను. దాని అవతల ఏముందో నాకు తెలియదు. ఒక చలికాలం మా అక్కకు తెలిసింది, ఎలా తెలిసిందో మా ఇద్దరికీ తెలియదు.